శుక్రవారం రాహుకాలంలో నల్లంపల్లి పర్మిషను

చదివే పిల్లలారా, ముందే చెప్తా ఉన్నాను, నా తెలుగు మీ పుస్తకాల తెలుగు కాదు. మాది ధర్మపురి. ఎన్ని తరాల ముందు ఈ పక్కకు వచ్చినామో మా తాతకే తెలీదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఈ అక్షరాలు కూడా రిటైరైనాక మా చెల్లెలి కూతురి దగ్గర కూర్చుని నేర్చుకున్నవే. "ఈ వయసులో ఎందుకు పెద్దమ్మా నీకీ తిప్పలు" అని అది నవ్వింది. ఏం చేసేది? ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంగ్లీషులో తిట్లు తిన్నాను, తమిళంలో జవాబు చెప్పినాను. రిటైరైనాకైనా సొంత భాషలో చెప్పుకోనీవే అన్నాను.

నేను పని చేసింది ఒక పాల కంపెనీలో. సుట్టుపక్కల పల్లెల్లో పాలు చల్లబరిచే సెంటర్లు ఉండేవి. పొద్దున్నే ఆడవాళ్ళు చెంబుల్లో, క్యాన్లలో పాలు తెచ్చి పోస్తారు. ఆ పాలన్నీ ఒక పెద్ద స్టీలు ట్యాంకులో పడతాయి. ట్యాంకును చల్లగా ఉంచేదానికి ఒక మెషిను, ఆ మెషినును కనిపెట్టుకోనుండేదానికి ఒక చిన్న కంప్యూటరు. ధర్మపురి ఆఫీసులో కూర్చునే ఏ ఊరి మెషిన్నైనా మేము చూడొచ్చు, ఆపొచ్చు, నడిపించొచ్చు.

అయితే నేరుగా పోయేదానికి లేదు. ఎంతటివాళ్ళైనా ముందు నేను చూసుకునే సర్వరులోకి రావాల. అది అడుగుతుంది. ఎవరు నువ్వు? ఏ ఊరికి పోవాల? ఎందుకు? ఎంతసేపు? అన్నీ సరిగ్గా చెప్తేనే ఆ ఊరి మెషినుకు కమాండ్లు టైపు చేసే నల్ల విండో నీ స్క్రీను మీద తెరుచుకుంటుంది. నువ్వు లోపల టైపు చేసిన ప్రతి అక్షరాన్నీ అది జ్ఞాపకం పెట్టుకుంటుంది. నేను కొత్తకోడలుగా పోయినప్పుడు మా అత్త కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు! 'ఎందుకు' అనే దగ్గర మావాళ్ళు ఏం రాసేవాళ్ళో తెలుసా? సగం మంది "సార్ చెప్పినారు" అని రాసేవాళ్ళు. ఇదేం కారణమబ్బా అని నేను అరిస్తే, "నిజంగానే సార్ చెప్పినారు మేడం" అనేవాళ్ళు. వాళ్ళతో ఏం పోట్లాడేది?

పర్మిషన్లు రెండు రకాలు. ఊరికే చూసేది ఒకటి, అది నేను ఇస్తాను. మెషినును ఆపేది, నడిపించేది ఇంకొకటి. దానికి మేనేజరు తన కంప్యూటర్లో ఒక బటను నొక్కాల. ఆయన నొక్కితేనే దారి. మా అమ్మకు ఇదంతా ఒకసారి వివరంగా చెప్పినాను. మాది అంగడి కుటుంబం, పప్పు బియ్యం తూకం తప్ప వేరే పని ఆమెకు పనిగా కనబడదు. అంతా విని, "అంటే నువ్వు వాచ్‌మెనువా?" అనింది. అవునమ్మా, ఫ్యాను కింద కూర్చున్న వాచ్‌మెనును అన్నాను. ఆమె అనింది తప్పేం కాదు.

ఇప్పుడు మా మేనేజరు సంగతి. ఆయన తమిళాయన. గొంతెత్తి ఒక మాట అనింది నేను వినలేదు. ఎవరి ఇంట్లో జ్వరమో, ఎవరి పిల్లకు పరీక్షో ఆయనకు తెలుసు. పని కూడా బాగా తెలిసిన మనిషి. కానీ రాహుకాలం వచ్చిందంటే సరి, ఆయన చెయ్యి మౌసు మీద ఉండదు. కుర్చీ వెనక్కి జరిపి, కండ్లద్దాలు తీసి తుడుచుకుంటా కూర్చుంటాడు. రాహుకాలంలో కొత్త పని ఏదీ మొదలుపెట్టకూడదు. పర్మిషను ఇచ్చేదంటే ఒక పని మొదలుపెట్టేదే కదా, అందుకని అది కూడా లేదు. ఆ గంటన్నరా ఆయన దేవుడితో తప్ప ఎవరితోనూ వ్యవహారం పెట్టుకోడు.

మా పక్క ఇది వింత కాదు. ఇంటికి టీవీ కొన్నా, స్కూటరుకు పెట్రోలు పోయించినా రాహుకాలం చూసుకునే ఊరు మాది. కాబట్టి ఆఫీసులో ఎవరూ ఎదురు మాట్లాడలేదు. దానికి బదులు ఒక తెలివి కనిపెట్టినారు. రాహుకాలం వచ్చేలోపలే, ఆ పూట ఏయే ఊర్లలో పని పడొచ్చో అన్నిటికీ పర్మిషను అడిగేస్తారు. సార్ గబగబా అన్నీ నొక్కేస్తాడు. ఊరికొక విండో తెరిచి పెట్టుకుంటారు. మంచి గడియలో తెరిచింది కాబట్టి, లోపల రాహుకాలంలో ఏం చేసినా అది కొత్త పని కాదు, పాత పనే సాగతా ఉన్నట్టు. చూడండి ఎంత లాయరు బుర్రలో మావాళ్ళవి!

నాకు ఒళ్ళు మండేది. అన్ని విండోలూ ఒకటే నలుపు, ఒకటే తెల్ల అక్షరాలు. పైన మూలలో చిన్నగా ఊరి పేరు ఉంటుంది, అంతే తేడా. పని పడినప్పుడు తెరవాల, కాగానే మూయాల, నా సర్వరు ఉండేదే దానికి. ఒకసారి సార్ దగ్గరికే పోయి చెప్పినాను. ఆయన నవ్వి, "ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదమ్మా" అన్నాడు. ఇంటికొచ్చి గొణిగితే మా అమ్మ, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే" అనింది. సరే, నా దురద నాతోనే ఉంచుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక పిల్ల మా ఆఫీసుకు కొత్తగా వచ్చింది. చెట్టికరైలో ఇంజినీరింగు చదివింది. మా మాదిరే తెలుగువాళ్ళు, కానీ మేము అంగడివాళ్ళం, వాళ్ళు కట్టడం పనివాళ్ళు. అమ్మా నాయనా ఇద్దరూ సిమెంటు చట్టి మోసేవాళ్ళు. అందరి ముందర నన్ను మేడం అనేది, మేమిద్దరమే ఉంటే అక్కా అనేది. తెలుగులో మొదలుపెట్టి, తమిళంలోకి దూకి, ఇంగ్లీషులో దిగేది ఆ పిల్ల మాట. ఒక దినం అన్నం తింటా తింటా చెప్పింది. "అక్కా, మా ఇంట్లో నీడలో కూర్చుని పని చేసేది నేనే ఫస్టు. మా నాయన వీధిలో అందరికీ ఏం చెప్తాడో తెలుసా? నా కూతురికి ఎండంటే ఏందో తెలీదు అంటాడు. నాకు సిగ్గేస్తుంది, కానీ చెప్పుకోనీలే అని ఊరుకుంటా." అంతే కాదు, ఆమె పని ఇంకా ఖాయం కాలేదు. హెడ్డాఫీసువాళ్ళు ఆ నెలలోనే ఖాయం చేయాల, లేకపోతే పంపించేయాల. ఇంటికి పోయి ఆ తండ్రికి ఏం చెప్పేదో అనే భయం ఆమె మొహంలో ఎప్పుడూ ఉండేది.

చిత్తిరై నెల ఎండల్లో ఒక శుక్రవారం. మా పక్క శుక్రవారం రాహుకాలం పదిన్నరకు వస్తుంది. పదింటి నుంచే ఆఫీసులో హడావిడి, సినిమా టికెట్ల కౌంటరు మాదిరి అందరూ పర్మిషన్ల కోసం పడినారు. పిల్ల కూడా తన ఊర్లన్నీ తెరిచి పెట్టుకునింది. సార్ అన్నీ నొక్కి, చేతులు కడుక్కోని వచ్చి కూర్చున్నాడు. ఆ దినం ఆయన మామూలు కంటే ఎక్కువ జాగ్రత్తగా ఉన్నాడు. ఆయన కూతురు నిండు నెలల్లో ఆస్పత్రిలో చేరింది, ఏ గంటలో అయినా కాన్పు అని చెప్పినారు. ఫోను ముందర పెట్టుకోని, నిమిషానికొకసారి చూస్తా ఉన్నాడు.

రాహుకాలం మొదలైన కొంచెం సేపటికి తుంబలహళ్లి నుంచి పిల్లకు ఫోను వచ్చింది. అక్కడ లారీ వచ్చి పాలు ఎత్తుకోని పోయింది, ట్యాంకు ఖాళీ, కడిగేదానికి మెషిను ఆపమన్నారు. ట్యాంకు లోపల పాలు కలిపే రెక్క ఒకటి తిరగతా ఉంటుంది. కడిగేవాళ్ళు చెయ్యి లోపల పెడతారు కాబట్టి, ఎవరూ తెలియక అక్కడ బటను నొక్కేయకుండా ఒక కట్టడి పెట్టినారు. ధర్మపురి నుంచి ఆపితే ధర్మపురి నుంచే నడిపించాల. అక్కడుండేవాళ్ళు ఎంత నొక్కినా మెషిను కదలదు.

పిల్ల కమాండు కొట్టింది. ఆగిపోయింది అని వచ్చింది. పద్ధతిగల పిల్ల కాబట్టి, పని అయిపోయిందని ఆ విండోను మూసేసింది కూడా. తర్వాత తుంబలహళ్లివాళ్ళు మళ్ళీ ఫోను చేసినారు. "ఏమ్మా, ఇంకా తిరగతానే ఉండాదే?"

ఆ పిల్ల స్క్రీను వైపు చూసింది. తుంబలహళ్లి విండో ముందరే ఉంది, తెరిచింది తెరిచినట్టే. లేనిది నల్లంపల్లి విండో.

ముందు తుంబలహళ్లి మెషినును ఆపేసి, నా మేజా దగ్గరికి వచ్చింది. పెదాలు తెల్లగా అయిపోయినాయి. "అక్కా, నల్లంపల్లి ఆపేసినాను" అనింది. నల్లంపల్లి అంటే మెయిన్ రోడ్డు మీదుండే పెద్ద సెంటరు. అక్కడికి లారీ ఇంకా పోలేదు. ట్యాంకు నిండా పాలు, అవి కూడా పొద్దున పోసినవి, ఇంకా పూర్తిగా చల్లబడలేదు. పైన రేకుల కప్పు, చిత్తిరై ఎండ. గంటన్నర అట్లే పెడితే ఏమవుతుందో పాలు కాచే ప్రతి ఇల్లాలికీ తెలుసు.

మళ్ళీ నడిపించాలంటే కొత్తగా నల్లంపల్లికి పర్మిషను కావాల. బటను సార్ నొక్కాల.

నాకు ఇంకొక దారి ఉంది. సర్వరు నా చేతిలోది కదా, మరీ అవసరమైతే మేనేజరు లేకుండానే నాకు నేను పర్మిషను ఇచ్చుకోవచ్చు. కానీ అట్ల చేసిన వెంటనే హెడ్డాఫీసులో గంట మోగుతుంది, ఎవరు ఎందుకు అడ్డదారిన పోయినారని. సరే, మోగనీ అనుకున్నాను. పిల్లను పిలుచుకోని సార్ గాజు గదిలోకి పోయినాను. జరిగింది చెప్పి, "సార్, మీరు చూడనట్టు ఉండండి, నేను తెరుస్తాను" అన్నాను.

ఆయన తమిళంలో మాట్లాడినాడు, నేను తెలుగులో రాస్తా ఉన్నాను. "నువ్వట్ల తెరిస్తే ఏమవుతుందమ్మా? ఈ బిడ్డది ఒక తప్పు, దాన్ని మూసేదానికి నువ్వు చేసింది ఇంకొక తప్పు అని రాస్తారు. నీ అనుభవం చూసి నిన్ను వదిలిపెడతారు. ఈమెను వదలరు."

పిల్ల ఏడవలేదు. చేతులు కట్టుకోని నిలబడింది. "సార్, రాహుకాలం అయ్యేదాకా ఆగుతాను సార్. మీ అమ్మాయి ఆస్పత్రిలో ఉండారు. మీరు నొక్కొద్దు" అనింది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. నేను పాల గురించి, సర్వరు గురించి, హెడ్డాఫీసు గురించి ఆలోచిస్తా ఉన్నాను. తన పని పోయే గడియలో ఆ పిల్ల ఆయన కూతురి గురించి ఆలోచించింది. ఆమె కూడా మా ఊరి పిల్లే కదా, ఆమెకూ రాహుకాలమంటే భయమే.

సార్ గోడ గడియారం చూసినాడు. ఫోను చూసినాడు. కండ్లద్దాలు పెట్టుకున్నాడు. ఆయన నుదుటి మీద చెమట కనిపించింది, ఏసీ గదిలో! "రిక్వెస్టు పెట్టమ్మా" అన్నాడు.

పిల్ల పరుగున పోయి పెట్టింది. ఆయన మౌసు మీద చెయ్యి పెట్టి ఒక క్షణం అట్లే ఉన్నాడు. పెదాలు కదిలినాయి, ఏదో దేవుడి పేరు అనుకుంటాను. నొక్కినాడు. నొక్కిన వెంటనే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, పెనం తగిలినట్టు. నల్లంపల్లి విండో తెరుచుకునింది. పిల్ల ఊరి పేరు మళ్ళీ మళ్ళీ చూసుకోని కమాండు కొట్టింది. మెషిను తిరిగింది. పాల వేడి కొంచెం ఎక్కి ఉంది, మెల్లగా దిగింది. లారీ పోయి పరీక్ష చేసి, బాగున్నాయని ఎత్తుకునింది.

మరుసటి దినం ఆయన కూతురికి ఆడబిడ్డ పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆఫీసులో అందరికీ లడ్డూలు పంచినాడు. ఆ శుక్రవారం మాట మాత్రం ఎత్తలేదు.

పాలు బాగున్నాయి కాబట్టి ఇంతటితో అయిపోయిందని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. కానీ నిండు ట్యాంకును ఆపితే ఎవరూ చెప్పకపోయినా హెడ్డాఫీసుకు తెలుస్తుంది, సర్వరు అట్ల కట్టినాము. సోమవారం వీడియో కాలు పెట్టినారు. పిల్ల సంగతి ఆ కాల్లోనే తేలుస్తామన్నారు.

కాలుకు ముందు పిల్ల నా దగ్గరికి వచ్చింది. నేను చెప్పినాను, "ఏమే, అన్ని విండోలు ఎందుకు తెరిచి పెట్టినావని అడుగుతారు. అది నీ సోమరితనం అనుకుంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్. రాహుకాలం కోసమని చెప్పు."

"చెప్పనక్కా."

"నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

"వద్దక్కా, నా మీద ఒట్టు." నా చెయ్యి తీసుకోని తన తల మీద పెట్టుకునింది. "ఆయన నాకోసం నొక్కినారు. ఆయనకు కూతురు ఆస్పత్రిలో ఉండి కూడా నొక్కినారు. నేను పోయి ఆయన్ను నలుగురిలో నవ్వులపాలు చేసేదా? పని పోతే పోనీ. చట్టి మోసేది నాకు రాకపోయినా నేర్చుకుంటాను."

ఒట్టు పెట్టేసింది. చెప్తే ఆయన పరువు, చెప్పకపోతే ఈమె బతుకు. సార్ దగ్గరికి పోయి మీరే చెప్పండి అందామా అని రెండు అడుగులు వేసినాను, మళ్ళీ వెనక్కి వచ్చినాను. అంతటి పెద్దమనిషిని నేను ఎట్ల అడిగేది? ఆయనకు తెలియదా ఏంది?

కాలు మొదలైంది. మా పక్క సార్, నేను, పిల్ల, ఒకటే స్క్రీను ముందర. అవతల హెడ్డాఫీసు పెద్దాయన, స్క్రీను మీద ఆయనకు అటూ ఇటూ కుర్రకారు, ఎవరి గడిలో వాళ్ళు. పెద్దాయన చెడ్డవాడేం కాదు, ముక్కుసూటి మనిషి. జరిగింది చదివించినాడు. పిల్లను అడిగినాడు, నువ్వేనా టైపు చేసింది అని. "అవును సార్. ఊరి పేరు చూడకుండా కొట్టినాను. నాదే తప్పు" అనింది.

"ఆ ఊర్లో నీకు అప్పుడు పని లేదు కదా. అక్కడి విండో ఎందుకు తెరిచి ఉంది? అది కూడా కాదు, ఇన్ని ఊర్లు ఒకేసారి ఎందుకు తెరిచి పెట్టుకున్నావు?"

పిల్ల తల వంచుకునింది. పెద్దాయన మళ్ళీ అడిగినాడు. పిల్ల తల ఎత్తలేదు. పెద్దాయన నిట్టూర్చి, "జవాబు కూడా లేనివాళ్ళకు పని ఖాయం చేసేది ఎట్ల?" అన్నాడు. నా నాలుక చివరికి వచ్చింది మాట. ఒట్టును తిట్టుకుంటా పండ్లు బిగపట్టినాను.

సార్ గొంతు సవరించుకున్నాడు.

"సార్, దానికి జవాబు నేను చెప్తాను. మా ఆఫీసులో రాహుకాలంలో కొత్త పని మొదలుపెట్టం. అది కంపెనీ రూలు కాదు, నా నమ్మకం. నేను మేనేజరును కాబట్టి అది అందరి నెత్తినా పడింది. ఆ టైములో నన్ను అడగలేక వీళ్ళు ముందే అన్ని ఊర్లూ తెరిచి పెట్టుకుంటారు. నాకు తెలుసు. ఇట్ల చేయకూడదని ఈ మేడం నాకు ఒకసారి చెప్పింది కూడా, నేను నవ్వి పంపించేసినాను."

అవతల ఒక కుర్రాడు తన మైకు ఆపేది మరిచిపోయి ఫక్కున నవ్వినాడు. ఇంకొకడు తల కిందికి దించుకున్నాడు, భుజాలు ఎగరతా ఉన్నాయి. ముప్ఫై ఏండ్ల సర్వీసు మనిషిని వాళ్ళు అట్ల చూసినారు. మా సార్ మొహం ఎర్రగా అయింది, చెవుల దాకా. కానీ ఆపలేదు.

"పేరు చూడకుండా కొట్టింది ఈ బిడ్డ తప్పే. ఇన్ని విండోల మధ్య ఈమెను కూర్చోబెట్టింది నా తప్పు. నేను పెద్దవాణ్ణి, నా తప్పు పెద్దది. ఒకరిని తీసేదైతే నాతో మొదలుపెట్టండి. ఈమెను అడిగినప్పుడు నా పేరు చెప్పి తప్పించుకోవచ్చు, చెప్పలేదు. అట్లాంటి మనిషి మీకు మళ్ళీ దొరకదు."

ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. పెద్దాయన ఆ కుర్రవాళ్ళను కాలు నుంచి దిగిపొమ్మన్నాడు. మిగిలింది మెల్లగా మాట్లాడినాడు. పిల్లను వెంటనే ఖాయం చేయలేము, ఇంకొన్ని నెలలు చూస్తాము, పంపించేది మాత్రం లేదు అన్నాడు. విండోలు వాడకుండా వదిలేస్తే వాటంతట అవే మూసుకునేటట్టు సర్వరులో పెట్టమని నాకు చెప్పినాడు. ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిన ఆర్డరు అది, నేను ఆ మధ్యాహ్నమే పెట్టేసినాను. సార్‌కు ఒక్క మాటే చెప్పినాడు, "రాహుకాలంలో కూడా పాలు పాలే సార్" అని. మా సార్ "సరి సార్" అన్నాడు.

కాలు అయినాక పిల్ల బాత్రూంలోకి పోయి, ఇంతసేపు ఆపుకున్నదంతా ఏడ్చుకోని వచ్చింది. నేను ఆమె వీపు నిమరతా కూర్చున్నాను. "మా నాయనకు ఏం చెప్పేదక్కా, ఇంకా ఖాయం కాలేదని అడుగుతాడు" అనింది. "ఉంది అని చెప్పు. పని ఉంది. అంతకంటే ఆయనకు ఏం కావాల" అన్నాను. కొన్ని నెలలకు ఖాయం చేసినారు. ఆ కథ అంతే. ఇప్పుడు ఆమె కింద ఎంతోమంది పని చేస్తా ఉన్నారు.

హెడ్డాఫీసులో మా సార్‌కు పేరు పెట్టినారని తర్వాత తెలిసింది. రాహు సార్ అంట. నాకు విన్నప్పుడు ఆ కుర్రవాళ్ళ చెవులు మెలిపెట్టి రావాలనిపించింది. ఆయనకు తెలిసినా తెలియనట్టే ఉన్నాడు.

మీకు నేను చెప్పాలనుకున్నది ఆ కాలు గురించి కాదు. దాని తర్వాత వచ్చిన శుక్రవారం గురించి.

అప్పటికి విండోలు వాటంతట అవే మూసుకుంటా ఉన్నాయి, ముందే తెరిచి పెట్టుకునేదానికి లేదు. రాహుకాలం మొదలైంది. అందరం కీబోర్డు మీద చేతులు పెట్టుకోని, గాజు గది వైపు చూడనట్టు చూస్తా ఉన్నాము. ఒక ఊర్లో మెషిను మొరాయించింది. చూసుకోవాల్సింది పిల్లే. ఆమె రిక్వెస్టు పెట్టలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకోని కూర్చునింది. అవసరం అంత తొందరది కాదు, కొంచెం ఆగితే ఏం మునిగిపోదు. ఆయన కోసం ఆగుతా ఉందని నాకు అర్థమయింది.

సార్ గదిలోంచి బయటికి వచ్చినాడు. నేరుగా ఆమె కుర్చీ దగ్గరికి వచ్చి, "ఏ ఊరమ్మా?" అని అడిగినాడు.

"పరవాలేదు సార్, ఇది కొంచెం సేపు ఆగినా..."

"ఏ ఊరో చెప్పు."

చెప్పింది. "పెట్టు" అని లోపలికి పోయినాడు. గాజు అవతల ఆయన కూర్చునేది, బటను నొక్కేది మాకందరికీ కనిపించింది. తర్వాత ఆయన లేచి నిలబడి, గోడ మీద క్యాలెండరులోని దేవుడి బొమ్మ వైపు తిరిగి, రెండు చెంపలూ వేసుకోని దణ్ణం పెట్టుకున్నాడు. తప్పు చేసినాను, క్షమించు అని. మేము చూస్తా ఉన్నామని ఆయనకు తెలుసు. అయినా దాచుకోలేదు.

నాకు ఆ నమ్మకం లేదు, ఎప్పుడూ లేదు. ఆ టైములో నన్ను వంద బటన్లు నొక్కమన్నా వేరుశనక్కాయలు తింటా నొక్కుతాను. ఆయనకు అట్ల కాదు. కూతురికి బిడ్డ బాగా పుట్టినా ఆయన భయం పోలేదు, నమ్మకమూ పోలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగేసినాను, ఇంకా ఎందుకు సార్ భయం అని. "రాహుకాలం చెడ్డదేనమ్మా. ఆ చెడు రావాల్సి ఉంటే నొక్కిన నాకే రానీ. కింద పని చేసే బిడ్డల మీదికి పంపకూడదు కదా" అన్నాడు.

ఆయన రిటైరయ్యేదాకా ప్రతి రాహుకాలంలోనూ అదే వరస. ముందు బటను, తర్వాత దణ్ణం. ఆయన చెంపలు వేసుకునేటప్పుడు నేను కండ్లు తుడుచుకునేదాన్ని, ఎవరైనా చూస్తే దుమ్ము పడింది అనేదాన్ని. పిల్ల మాత్రం ఆ పక్క చూసేది కాదు. స్క్రీను మీద ఊరి పేరు అందరికీ వినబడేటట్టు గట్టిగా చదివి, పని మొదలుపెట్టేది.